ప్రామిసరీ నోటు బాకీని కోర్టు ద్వారా రాబట్టుకోవడం ఎలా?

పెళ్లి ఖర్చుకైనా, పంట పెట్టుబడికైనా, వ్యాపారం అవసరానికైనా మన ఊళ్లలో డబ్బు చేతులు మారేది చాలావరకు ప్రామిసరీ నోటు మీదే. అచ్చు కాగితం, రూపాయి రెవెన్యూ స్టాంపు, ఇద్దరు సాక్షులు ఉంటే పని అయిపోతుంది. తిరిగి ఇవ్వాల్సిన రోజున మాట మారితే ఆ కాగితం ఒక్కటే మిగులుతుంది.

నోటు సరిగ్గా ఉంటే దావా గెలవడం అంత కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాత ఉంది. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) చేతికొచ్చి ఏళ్లు గడిచినా రూపాయి కళ్లజూడనివాళ్లు ఏ కోర్టు ఆవరణలోనైనా కనిపిస్తారు. డబ్బు నిజంగా రాబట్టుకున్నవాళ్లు మొదటే రెండు సంగతులు చూసుకుని ఉంటారు: నోటు మీది తేదీ, అవతలి మనిషి పేరున ఉన్న ఆస్తి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పద్ధతి దాదాపు ఒకటే కనుక ఇద్దరికీ కలిపే చెబుతున్నాను.

ముందు తేదీ చూడండి

కోరినప్పుడు చెల్లించే నోటుకు గడువు మూడేళ్లు. లెక్క నోటు రాసిన తేదీ నుంచి మొదలవుతుంది. మీరు డబ్బు అడిగిన రోజు నుంచో, లాయరు నోటీసు పంపిన రోజు నుంచో కాదు. 2023 జూన్ 10న రాసిన నోటు మీద 2026 జూన్ 10 లోగా దావా కోర్టులో పడాలి. ఒక్క రోజు దాటినా 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం దావా కొట్టేయాల్సిందే. అవతలివాళ్లు ఆ మాట ఎత్తకపోయినా జడ్జి తనంతట తానే చూస్తారు. ఆఖరి రోజు వేసవి సెలవుల్లో పడితే మాత్రం కోర్టు తెరిచిన రోజున వేసుకోవచ్చు. ఆ వెసులుబాటు ఆ ఒక్క రోజుకే. మర్నాడు వెళితే ఫలితం లేదు.

'పంట చేతికి రాగానే ఇచ్చేస్తా బావా' అన్న మాట మీద రెండు పంటలు గడిచిపోతాయి. చుట్టరికం చెడుతుందని మీరూ ఊరుకుంటారు. ఊరుకోండి, తప్పులేదు. కానీ ఊరుకునేటప్పుడు గడువు పెంచుకునే కాగితం చేతిలో ఉండాలి. అందుకు దారులు మూడు.

ఒకటి, కొంత సొమ్ము కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించడం. తేదీ, అంకెల్లోనూ అక్షరాల్లోనూ సొమ్ము, కింద బాకీదారు సంతకం. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. చాలామంది ఇక్కడే పొరపడతారు: చెల్లు తామే రాసుకుని సంతకం తామే పెట్టుకుంటారు. దానికి విలువ లేదు. ఆ సొమ్ము కట్టినవాడి చేతిరాతైనా ఉండాలి, సంతకమైనా ఉండాలి. ఆ కట్టింది కూడా పాత మూడేళ్లు ముగియకముందే అయి ఉండాలి. ఫోన్‌పేలో ఐదు వేలు పంపాడు కనుక గడువు పెరిగిందని ధీమాగా ఉండకండి. అందులో అతని సంతకం ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది. అలా పంపిన రోజునే పిలిచి నోటు వెనక ఆ సంగతి రాయించుకుని సంతకం తీసుకోండి. చెక్కు ఇస్తే, అది చెల్లితే, దాని మీద సంతకం ఉంటుంది కనుక అది పనికొస్తుంది.

రెండోది, డబ్బేమీ కట్టకపోయినా 'ఫలానా తేదీ నోటు కింద మీకు బాకీ ఉన్న మాట నిజం' అని గడువులోగా రాసి సంతకం పెట్టిన ఉత్తరం. మూడోది, పాత నోటు రద్దుచేసి అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు తిరగరాయించడం. గడువు దాటిపోయిన బాకీకి ఇదొక్కటే మిగిలిన దారి. కాలం చెల్లిన అప్పును తీరుస్తానని రాతపూర్వకంగా సంతకంతో ఇచ్చిన మాట కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద చెల్లుతుంది.

నోటు మీద ఇద్దరు సంతకం చేసి ఉంటే చెల్లు దగ్గరా ఇద్దరితో పెట్టించండి. ఒకరి సంతకంతో రెండోవారి మీద గడువు పెరగదు.

నోటును వెలుతురులో పెట్టి చూడండి

ముందు స్టాంపు. సంతకం స్టాంపు మీద మొదలై కాగితం మీదికి సాగి ఉండాలి. స్టాంపు అంటించి దాని పక్కన ఖాళీలో సంతకం పెడితే స్టాంపు రద్దు కాలేదంటారు. రద్దు కాని స్టాంపు ఉన్నా లేనట్టే లెక్క. మామూలు దస్తావేజులకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు. ప్రామిసరీ నోటుకు ఆ అవకాశం స్టాంపుల చట్టమే ఇవ్వలేదు. అలాంటి నోటు సాక్ష్యంలోకి రాదు. అప్పుడు బ్యాంకు బదిలీ లాంటి వేరే ఆధారాలతో అసలు అప్పు మీదే దావా నిలబడుతుందేమో లాయరుతో మాట్లాడాలి. ఇప్పుడు కొత్తగా స్టాంపు తెచ్చి అంటించాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి.

తర్వాత మాటలు. అచ్చు నోట్లలో 'మీరు కోరినప్పుడు మీకు గాని, మీ అనుమతి పొందినవారికి గాని చెల్లించగలవాడను' అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. తెల్లకాగితం మీద సొంతంగా రాసుకున్నవాళ్లు 'మీ అనుమతి పొందినవారికి గాని' అన్న ముక్క వదిలేస్తుంటారు. ఆ మాట లేకుండా సాక్షుల సంతకాలు మాత్రం ఉంటే అది నోటు కాదు, బాండు అని అవతలి లాయరు అడ్డుపడతాడు. బాండుకు స్టాంపు డ్యూటీ చాలా ఎక్కువ. సాక్షులు ఉండటం మంచిదే, కానీ నోటుకు సాక్షులు తప్పనిసరి కాదన్న సంగతీ తెలుసుకోండి.

ఇక దిద్దుబాట్లు. తేదీ మార్చినా, వడ్డీ రేటు ముందు అంకె చేర్చినా, సొమ్ము దిద్దినా ఆ నోటు మొత్తం చెల్లకుండా పోతుంది. 'ఒక్క అంకేగా' అనుకునే చోట అసలుకే మోసం వస్తుంది. ఖాళీ నోటు మీద సంతకం తీసుకుని తర్వాత నింపుకోవడమూ వద్దు. సంతకం ఒక సిరాతో, లోపలి రాత వేరే సిరాతో ఉన్న నోటు మీద క్రాస్ ఎగ్జామినేషన్ ఎంతసేపు సాగుతుందో చూసినవాళ్లకు తెలుసు.

నోటు బాగుంటే, సంతకం తనదేనని బాకీదారు ఒప్పుకున్నా లేదా మీరు రుజువు చేసినా, దాని వెనక డబ్బు ముట్టిందని కోర్టు ముందుగానే అనుకుంటుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ఇచ్చిన బలం ఇది. ముట్టలేదని చూపించే భారం అతనిదవుతుంది.

నోటు లేదా? చేబదులుగా ఇచ్చినా మూడేళ్లే గడువు, ఇచ్చిన రోజు నుంచి. బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ సందేశాలు పనికొస్తాయి. ఆ సందేశాలను కోర్టులో పెట్టేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం కోరే సర్టిఫికెట్ జతచేయాలి. ఫోను మార్చేశాక అది కష్టమవుతుంది, కాబట్టి ఆ పాత ఫోను అమ్మకండి.

అతని ఆస్తి ఇప్పుడే వెతకండి

ఈ పనిని అందరూ డిక్రీ వచ్చాక పెట్టుకుంటారు. అప్పటికి పొలం భార్య పేరుకో, బావమరిది పేరుకో మారిపోయి ఉంటుంది. నోటీసు కూడా పంపకముందే నిశ్శబ్దంగా చేయాల్సిన పని ఇది.

ఇల్లు, స్థలం ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో గాని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో గాని ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. తాకట్టు ఉందా, ఈమధ్య గిఫ్టు డీడు ఏదైనా పడిందా అన్నది అందులో తెలుస్తుంది. పొలమైతే ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్‌లో 1బీ, అడంగల్ చూడండి. తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతిలో చూడండి. ఉద్యోగి అయితే ఏ ఆఫీసు, జీతం ఎవరు ఇస్తారో రాసుకోండి. అతను మీకు ఎప్పుడైనా చెక్కు ఇచ్చి ఉంటే దాని ఫొటో దాచుకోండి, ఖాతా ఏ బ్రాంచిలో ఉందో దాంట్లో ఉంటుంది.

ఇంకొక పని. ఈకోర్ట్స్ యాప్‌లో పార్టీ పేరుతో అతని మీద వేరే దావాలు ఏమున్నాయో చూడండి. ఇప్పటికే నలుగురు వేసి ఉంటే మీరు ఐదోవారు. అలాంటి చోట ఆలస్యం చేయడం అంటే మిగతావాళ్లకు దారి వదలడమే.

ఇన్నీ చూశాక అతని పేరున సెంటు భూమి లేదు, జీతం లేదు, ఖాతాలో డబ్బు లేదు అని తేలితే, కోర్టు ఫీజు కట్టే ముందు ఆగి ఆలోచించమనే నా సలహా. ఫీజు అసలు, వడ్డీ కలిపిన మొత్తం మీద లెక్కగడతారు. దానికి తోడు లాయరు ఫీజు ఉంటుంది. నెలకింతని కట్టేలా లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే, ఆస్తి లేని మనిషి మీద అదే మేలు.

నోటీసు

ప్రైవేటు వ్యక్తి మీద దావాకు ముందు నోటీసు ఇవ్వాలని చట్టం నిర్బంధించదు. అయినా ఇవ్వండి. జవాబు ఇస్తే అతని వాదన ఏమిటో ముందే తెలుస్తుంది: సంతకం నాది కాదంటాడా, తీర్చేశానంటాడా, చీటీ పాటకు పూచీగా ఇచ్చిన ఖాళీ నోటంటాడా. జవాబివ్వకపోతే 'ఆ రోజే ఎందుకు కాదనలేదు' అని మీ లాయరు అడగడానికి వీలవుతుంది. అతను ఆస్తి అమ్ముకునే తొందరలో ఉన్నాడని తెలిస్తే మాత్రం నోటీసు ఇచ్చి హెచ్చరించకండి, నేరుగా దావా వేయండి.

తపాలా రసీదు, అందిన రుజువు రెండూ దాచండి. సరైన చిరునామాకు పంపిన కవరు 'తీసుకోలేదు' అని తిరిగొస్తే అది అందినట్టే. ఆ కవరు చింపకుండా అలాగే ఉంచండి.

చెక్కు కూడా ఉంటే

నోటుతో పాటు చెక్కు ఇచ్చి ఉంటే ఇంకొక దారి తెరుచుకుంటుంది. చెక్కును దాని మీది తేదీ నుంచి మూడు నెలల్లోగా బ్యాంకులో వేయాలి. డబ్బు లేక తిరిగొస్తే, బ్యాంకు మెమో మీకు అందిన 30 రోజుల్లోగా లాయరు నోటీసు వెళ్లాలి. అతనికి నోటీసు అందాక 15 రోజులు ఆగాలి. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లోగా మేజిస్ట్రేటు కోర్టులో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద ఫిర్యాదు. మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే వేయొచ్చు, అతని ఊరికి పరుగెత్తనక్కర్లేదు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు సొమ్ముకు రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. అతను నేరం ఒప్పుకోకపోతే చెక్కు సొమ్ములో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించమని కోర్టును అడగొచ్చు.

ఒక్క హెచ్చరిక. చెక్కు కేసు నడుస్తోంది కదా అని నోటు మీద సివిల్ దావా వేయకుండా కూర్చోవద్దు. మేజిస్ట్రేటు కోర్టులో కేసు ఎన్నాళ్లు నడిచినా నోటు మూడేళ్ల గడువు ఆగదు. రెండూ పక్కపక్కనే నడపొచ్చు.

పోలీస్ స్టేషన్ సంగతి కూడా చెప్పాలి. డబ్బు వసూలు పోలీసుల పని కాదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే తీసుకున్నాడని చూపగలిగితే తప్ప బాకీ ఎగ్గొట్టడం చీటింగ్ కేసు కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. స్టేషన్ చుట్టూ తిరుగుతూ గడువు దాటించుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

దావా వేయడం

బాకీదారు నివాసమున్న చోటనైనా, నోటు రాసి డబ్బు ఇచ్చిన చోటనైనా దావా వేయొచ్చు. సొమ్మును బట్టి జూనియర్ సివిల్ జడ్జి కోర్టా, సీనియర్ సివిల్ జడ్జి కోర్టా, జిల్లా కోర్టా అన్నది లాయరు చెబుతారు. నోటు మీద సమ్మరీ దావా అని తొందరగా తేలే పద్ధతి ఒకటుంది, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద. అందులో ప్రతివాది సమన్లు అందిన 10 రోజుల్లో హాజరు కావాలి. తర్వాత వాదించుకోవడానికి కూడా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. మన జిల్లా కోర్టుల్లో మాత్రం నోటు దావాలు ఎక్కువగా మామూలు దావాలుగా, అంటే ఓఎస్‌లుగానే పడుతుంటాయి. మీ కోర్టులో ఆ దారి నడుస్తుందేమో లాయరును అడగండి.

అసలు నోటును ప్లెయింటు(దావా పత్రం)తో పాటే కోర్టుకు ఇచ్చేయాలి. ఇచ్చే ముందు రెండు వైపులా రంగు జిరాక్సు తీయించుకోండి, వెనక చెల్లులతో సహా. లాయరుకు అసలు నోటు ఇచ్చినప్పుడు ఒక ముక్క రాయించుకుని సంతకం తీసుకోండి. దీనికి ఆయనేమీ అనుకోరు.

వడ్డీ లెక్క ఇలా ఉంటుంది. రెండు లక్షల నోటు, నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. నెలకు 4,000 చొప్పున మూడేళ్లకు 1,44,000. కోరే మొత్తం 3,44,000, ఫీజూ దాని మీదే. నోట్లో చక్రవడ్డీ రాసి లేకుండా చక్రవడ్డీ వేయకండి. దావా వేసిన తర్వాతి కాలానికి వడ్డీ ఎంతన్నది జడ్జి విచక్షణ. డిక్రీ తర్వాత, వ్యాపార లావాదేవీ కాకపోతే, 6 శాతం మించదు. నూటికి రెండు వస్తూనే ఉంటుందన్న లెక్కతో కేసును సాగదీసుకుంటే నష్టం మీకే.

ఆంధ్ర ప్రాంతంలో ప్రతివాది రైతైతే రైతుల రుణ ఉపశమనానికి తెచ్చిన 1938 నాటి 4వ చట్టం కింద వడ్డీ తగ్గించమని కోరొచ్చు. అందుకే ప్లెయింటులో 'ప్రతివాది 4/38 చట్టం ప్రయోజనాలకు అర్హుడు కాడు' అన్న వాక్యం కనిపిస్తుంది. తెలంగాణలో వడ్డీ వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి, లేకపోతే డిక్రీకే అడ్డం. అవసరానికి ఒకరిద్దరికి ఇచ్చినవారికి ఈ బాధ లేదు. కానీ మీ పేరున అదే కోర్టులో పది నోటు దావాలు ఉంటే ఆ ప్రశ్న తప్పక వస్తుంది.

20,000 గాని అంతకు మించి గాని నగదుగా అప్పు ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఇకమీదట ఇచ్చేది బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పన్ను బెడద తప్పుతుంది, డబ్బు ముట్టిందన్న రుజువూ దొరుకుతుంది.

అతను ఆస్తి అమ్మేసే ప్రయత్నంలో ఉంటే దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు కోరుతూ ఆర్డర్ 38 కింద ఐఏ (మధ్యంతర పిటిషన్) వేయండి. 'అమ్ముతున్నాడని విన్నాను' అంటే చాలదు. ఎవరికి, ఎంతకు, ఎప్పుడు అన్నది చెప్పాలి. ఆ బేరం సంగతి తెలిసిన మూడో మనిషి చేత అఫిడవిట్ ఇప్పించాలి. ఆ జప్తు పడితే తర్వాత అతను చేసే అమ్మకం మీ డిక్రీకి అడ్డు రాదు. ఈ వ్యాసంలో ఒక్క పని మాత్రమే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోమంటాను.

మహిళలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే లాయరును వాళ్లే పెడతారు. దావా వేయకుండానే అక్కడి లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ కుదిరిన రాజీ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వేసిన దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

బోనులో మీరు

సమన్లు అందాక ప్రతివాది 30 రోజుల్లో, కోర్టు గడువు పెంచితే 90 రోజుల్లోగా తన జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంటు వేయాలి. రాకపోతే అతను లేకుండానే ఇచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. దాన్ని చూసి సంబరపడేలోపే, సమన్లు అందలేదంటూ 30 రోజుల్లో రద్దు పిటిషన్ వేస్తాడు. కాబట్టి చిరునామా సరిగ్గా ఇవ్వడం, సమన్లు నిజంగా అతని చేతికి అందేలా చూడటం మీకే మంచిది.

విచారణలో మీ నోటు ఎగ్జిబిట్ ఏ1 (మీ తరఫు మొదటి పత్రం), మీరు పీడబ్ల్యూ1 (వాది తరఫు మొదటి సాక్షి). ప్రధాన విచారణ అఫిడవిట్ రూపంలో వెళ్లిపోతుంది. అసలు పరీక్ష క్రాస్‌లో ఉంటుంది. ప్రశ్నలు ఇలా వస్తాయి: రెండు లక్షలు మీకు ఎక్కడివి? ఇంట్లో దాచారా, బ్యాంకులో తీశారా? నోటు ఎవరి ఇంట్లో రాశారు? రాసిందెవరు? సాక్షులు వచ్చేసరికి డబ్బు లెక్కపెట్టడం అయిందా? మీకూ సాక్షికీ రాసినాయనకూ జవాబులు ఒకేలా ఉండాలంటే బట్టీ పట్టడం దారి కాదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే. గుర్తులేకపోతే గుర్తులేదనండి. డబ్బు ఎక్కడిదన్నదానికి కాగితం ఉంటే సగం గండం గడిచినట్టే. మిర్చి అమ్మిన పట్టీ, తెలంగాణ మార్కెట్లో ఇచ్చే తక్‌పట్టీ, చీటీ పాడుకున్న రసీదు, బ్యాంకు పాస్‌బుక్కు, ఏదైనా సరే. సంతకం నాది కాదంటే చేతిరాత నిపుణుడికి పంపమని అడగొచ్చు. నోటు రాసిన కాలానికి దగ్గరగా అతను పెట్టిన సంతకాలు బ్యాంకులో గాని, రిజిస్టర్ దస్తావేజుల్లో గాని ఎక్కడున్నాయో ముందే వెతికి ఉంచండి.

ఎవరైనా చనిపోతే, ఐపీ నోటీసు వస్తే

బాకీదారు చనిపోతే వారసుల మీద దావా వేయొచ్చు. కానీ వాళ్లు ఆయన నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత సంపాదన మీద చేయి వేయలేరు. అప్పిచ్చినవారే చనిపోతే వారి పిల్లలు సక్సెషన్ (వారసత్వ) సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది లేకుండా కోర్టు డిక్రీ ఇవ్వదు. సర్టిఫికెట్ వచ్చేదాకా దావా ఆపుకోవద్దు, గడువులోగా దావా వేసి సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయండి.

ఐపీ (దివాలా పిటిషన్) నోటీసు వచ్చిందంటే బాకీ పోయినట్టేనని చాలామంది ఆ కవరు మూల పడేస్తారు. అలా కాదు. 1920 ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసిన ఆ పిటిషన్‌లో మీరూ ఒక ప్రతివాది. వాయిదాకు వెళ్లి కౌంటర్ (జవాబు) వేయండి. దివాలాకు ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా భార్యాపిల్లల పేర్లకు మార్చిన ఆస్తులను, మూడు నెలల్లోగా ఒక్క అప్పులవాడికే మేలు చేస్తూ చేసిన చెల్లింపులను రద్దు చేయించే వీలు ఆ చట్టంలోనే ఉంది. ముందు తీసిన ఈసీ ఇక్కడ పనికొస్తుంది. పిటిషన్ వేసినంత మాత్రాన మీ దావా ఆగదు. అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే మాత్రం ముందుకు వెళ్లడానికి ఆ కోర్టు అనుమతి కావాలి.

డిక్రీ వచ్చాక: ఈపీ

డిక్రీ అమలుకు గడువు 12 ఏళ్లు. అంత కాలముందని నిద్రపోకండి. డిక్రీ కాపీ చేతికి రాగానే ఎగ్జిక్యూషన్ (అమలు) పిటిషన్, అంటే ఈపీ వేయండి. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, అయినా వాయిదాలు సాగుతుంటే ఆ మాట మీ లాయరు గుర్తుచేయొచ్చు. ఇప్పుడు మీరు డీహెచ్‌ఆర్ (డిక్రీ పొందినవారు), అతను జేడీఆర్ (డిక్రీ బాకీదారు).

జీతం ఉంటే అదే అన్నిటికంటే నికరమైన దారి. మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేసి మూడో వంతు జప్తు చేస్తారు. లెక్కలోకొచ్చే జీతం 40,000 అయితే నెలకు 13,000. ఒక డిక్రీ మీద మొత్తం 24 నెలలే ఈ జప్తు, అంటే 3,12,000. మిగిలిన సొమ్ముకు వేరే దారి చూసుకోవాలి. ఉత్తర్వు అతనికి కాదు, జీతం ఇచ్చే అధికారికి వెళుతుంది.

స్థిరాస్తి అయితే ముందు అటాచ్‌మెంట్ (జప్తు), తర్వాత అమ్మకం ప్రకటన, వేలం. పాడుకున్నవారు అక్కడికక్కడే 25 శాతం కట్టాలి, మిగతాది 15 రోజుల్లో. వేలం తేదీ పడిందని ఊళ్లో దండోరా వేయగానే ఎక్కడెక్కడి నుంచో డబ్బు తెచ్చి కట్టేవాళ్లు చాలామంది. కోర్టు అనుమతితో మీరూ వేలంలో పాడొచ్చు. రైతు, కూలీ తాను నివసించే సొంత ఇల్లు, వంటపాత్రలు, పనిముట్లు, పీఎఫ్, ప్రభుత్వ పెన్షన్ మాత్రం జప్తుకు రావు. ఇది న్యాయమైన నియమమే. బాకీ వసూలంటే ఒక కుటుంబాన్ని రోడ్డున పడేయడం కాదు.

ఆస్తి ఏముందో తెలియకపోతే తన ఆస్తుల వివరం అఫిడవిట్‌గా ఇవ్వమని ఆర్డర్ 21 రూల్ 41 కింద జేడీఆర్‌ను కోర్టు చేత ఆదేశించొచ్చు. ఈ పిటిషన్ సంగతి చాలామందికి తెలియదు, అడిగి వేయించండి. ఆస్తి వేరే జిల్లాలో ఉంటే డిక్రీని ఆ కోర్టుకు బదిలీ చేయించుకోవాలి.

అరెస్టు ఆఖరు. డబ్బుండీ కట్టడం లేదని మీరు చూపించాలి. కేవలం లేమి వల్ల కట్టలేనివాణ్ని జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ 5,000 దాటితే మూడు నెలల దాకా సివిల్ జైలు. అక్కడున్నన్నాళ్లు అతని భోజనానికి బత్తా మీరే కట్టాలి. బయటికొచ్చాక కూడా బాకీ అలాగే ఉంటుంది, కానీ అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు చేయించలేరు. డబ్బు డిక్రీలో ఆడవాళ్లను అరెస్టు చేయరు.

డబ్బు కోర్టులో జమ అయితే మీ ఈపీలో ఆ సొమ్ము ఇప్పించమని చెక్ పిటిషన్ వేసి తీసుకోండి. అతను నేరుగా మీ చేతికి ఇస్తే, ఎంత ఇచ్చాడో ఆ మెమో కోర్టులో దాఖలు చేయండి. బయట పుచ్చుకున్న సొమ్మును కోర్టుకు చెప్పకుండా మొత్తానికి ఈపీ నడపడం తప్పు. కట్టినవారు కూడా 30 రోజుల్లోగా కోర్టులో రాయించుకోకపోతే ఆ చెల్లింపు లెక్కలోకి రాదు. మొత్తం ముట్టిన రోజున పూర్తి వసూలు మెమో ఇవ్వండి. జప్తులో ఉన్న ఆస్తి అప్పుడే విడుదలవుతుంది.